నువాన్ వానమబ్బుని పక్క జిల్లాకి తోసిన వైనం

కో హెంగ్ కాఫీకొట్లో కూర్చుని నువాన్ చెప్పే మాటల్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేస్తే, ఆ ముక్క కూడా అబద్ధమే. ఈ సంగతి ఊళ్ళో అందరికన్నా నువాన్‌కే బాగా తెలుసు.

రోజూ ఊరికే కోతలు కోసేది. ఆవేళ మాత్రం పనిబడి కోస్తోంది. కాఫీ గ్లాసు కింద ఒక కాగితం పెట్టుకుంది. అందులో ఆరు పేర్లున్నాయి. ఎనిమిది ఉండాలి. ఊరి ఆఫీసులో పెద్దవయసు వాళ్ళకి నేర్పడానికని కంప్యూటర్లు పెట్టారు కదా, ఎనిమిదిమంది చేరకపోతే ఇవాళే వాటిని వ్యాన్‌లో వేసుకుని పట్నం పట్టుకుపోతారట. పిన్ టీచరమ్మ కాగితం కోసం వచ్చే వేళయింది. అడగాల్సిన గడపలన్నీ నువాన్ తిరిగేసింది. ఇక మిగిలింది ఈ బల్ల దగ్గరున్న ఇద్దరే. ఒకడు ఇయాద్, తెల్లారేదాకా రబ్బరు చెట్లు గీసి, పాలు పోసేసి, నుదుటికి కట్టుకున్న లైటైనా విప్పకుండా వచ్చి కూర్చున్నాడు. రెండోది సాయ్‌యుత్, నువాన్‌కి ఎదురిల్లు. గుడికి చేపల పులుసు చేసుకెళ్ళడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అని పేరు.

కంప్యూటర్లు పోతే నువాన్‌కేం పోయింది అంటారా? మొగుడు పోయి నాలుగేళ్ళు. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒకటే, దానికి మనం ఎదురు చెబితే వినదు. అంతే. అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు.

"మొదటిరోజు నేనేమంత చెయ్యలేదులే," అంది నువాన్, వినయంగా, నూనెలో వేయించిన పాతోంగ్‌కో ముక్క కాఫీలో ముంచుకుంటూ. "ఒక్క మీట నొక్కాను. అంతే, కంప్యూటరు లేచి కూర్చుంది. టీచరమ్మ నొక్కితే అరగంట ఆలోచించేది, నేను నొక్కేసరికి తటాలున లేచింది. నా దాన్ని చూసి పక్కనున్నవి కూడా ఎవరూ ముట్టుకోకుండానే లేచాయి."

"కరెంటొచ్చుంటుందక్కా," అన్నాడు ఇయాద్.

"కరెంటు లేదప్పుడు! అదే కదా చెబుతున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హాత్ యాయ్‌లో మా చెల్లెలికి ఉత్తరం కొట్టాను. కొడుతున్నాను, కొడుతున్నాను, ఇంకా చివరి అక్షరం మీంచి వేలు తియ్యలేదు, అక్కడ అందిపోయింది. అదీ తక్కువేం తినలేదు, నేను 'బాగున్నావా' అని అడగబోయే లోపలే 'బాగున్నాను' అని జవాబు పంపించింది. అడగని మాటకి జవాబు చూసి టీచరమ్మ కుర్చీలో కూలబడింది."

నిజానికి నువాన్ తన పేరు కొట్టడానికి నాలుగు రోజులుగా తంటాలు పడుతోంది. అందులో ఒక అక్షరం ఇంకా దొరకనేలేదు. ఎక్కడో కిందివరసలో దాక్కునుంది. అది దొరికేదాకా ఆ కంప్యూటరుకి ఆవిడ ఎవరో తెలీదు.

"అంత వేగంగా కొడతావేమే నువ్వు?" అంది సాయ్‌యుత్. "గుళ్ళో వత్తి వెలిగించమంటే నాలుగు అగ్గిపుల్లలు కావాలి నీకు."

"అగ్గిపుల్ల వేరు, ఇది వేరు. నా వేళ్ళకి ఆ మీటలు ఆగలేదనుకో, కాలిపోయాయి. ఇద్దరు మనుషులు చెరోపక్కా నిలబడి విసిరారు. ఆ సెగకి కో హెంగ్ పందిమాంసం కాల్చుకుంటానని బతిమాలాడు, కావాలంటే అడుగు."

కో హెంగ్ గుడ్డసంచీలోంచి కాఫీ వడపోస్తున్నాడు. తలెత్తలేదు. "నాకు బొగ్గులున్నాయి," అన్నాడు.

"ఆ సంగతి ఎలా పాకిందో, బ్యాంకాక్ నుంచి నల్లకారు వేసుకుని పెద్ద ఆఫీసర్లొచ్చారు. ఏ వేలితో కొట్టావమ్మా అని అడిగారు. ఇదిగో దీంతో అన్నాను. నా వేలికి పూలదండ వేశారు. దండ పెద్దది, వేలు చిన్నది, మోచేతిదాకా జారిపోయింది. ఈ వేలు మాకిచ్చెయ్, అద్దాల పెట్టెలో పెట్టుకుంటాం అన్నారు. రేపు ముక్కు దురదపెడితే మీరొచ్చి గోకుతారా అన్నాను. మాట్లాడకుండా వెళ్ళిపోయారు."

ఇయాద్ నవ్వాడు. నువాన్ కాగితాన్ని గ్లాసు కిందనుంచి ఓ వేలెడు బయటికి లాగింది. వాడు కాగితం వంకే చూడలేదు. దాంతో ఆవిడకి కంగారు పుట్టింది. కంగారు పుడితే ఆవిడ కోతలకి కళ్ళెం ఉండదు.

"ఇవన్నీ ఒక ఎత్తు, మొన్నటిది ఒక ఎత్తు. పొద్దున్నే చూద్దును కదా, పడమట సముద్రం మీంచి మబ్బు. గేదెలమంద దిగుతున్నట్టుంది. అయ్యో, మన ఇయాద్ ఇప్పుడేగా చెట్లు గీశాడు, వానొస్తే చిప్పల్లో పాలన్నీ నీళ్ళైపోవూ అని నా మనసు ఆగలేదు. ఆఫీసుకి పరిగెత్తాను. కంప్యూటర్లో మబ్బు కనిపిస్తోంది. పక్కన సబ్బుబిళ్ళలా ఉంటుందే ఒకటి, దాన్ని పట్టుకున్నాను, మబ్బు మీద పెట్టి నొక్కాను, దొరికింది! ఇక లాగాను చూడు తూర్పుకి. మబ్బంటే దూది అనుకుంటాం గానీ ఏం బరువు! కాళ్ళు బల్లకి తన్నిపెట్టి లాగాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండల మీదికొచ్చేసరికి దాని తోక ఒక శిఖరానికి తగులుకుపోయింది. పమిట ముల్లుకి తగులుకున్నట్టు. రెండుసార్లు దులిపాను. ఊడింది. ఊడి దబ్బున ఫత్తలుంగ్ జిల్లాలో పడింది. అక్కడ పాపం పెళ్ళి జరుగుతోంది. పెళ్ళికొడుకు మూడు ఊళ్ళవతల తేలాడు."

"ఏ రోజది?" అన్నాడు ఇయాద్. నవ్వడం మానేశాడు.

"సోమవారం."

"మరి మంగళవారం నా తోటలో మూడు గంటలు కురిసిందే, అదెక్కడిది?"

నువాన్ ఆ లెక్క చూసుకోలేదు. "అదీ... ఫత్తలుంగ్ వాళ్ళు ఫోన్ చేసి ఏడ్చారు. జాలేసి కొంచెం వెనక్కి లాగుదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే తుమ్మొచ్చింది. చెయ్యి జారింది."

"జారిందా? చిప్పెడైనా మిగల్లేదక్కా నాకు! పాలన్నీ కాలవలో కలిసిపోయాయి! ఆ వాన నీదా అయితే?"

"కావాలని చేశానా? తుమ్మాపుకోగలమా!"

"అలాంటి వస్తువు జోలికి నేను రాను," అన్నాడు ఇయాద్, సగం ఎగతాళి, సగం కోపం. "నాకు తుమ్ములెక్కువ."

"నేనూ రాను," అంది సాయ్‌యుత్, జుట్టు సర్దుకుంటూ. "నాకు గుడి పని ఉంది. వేలికి దండ వేయించుకుని ఏం చేసుకోను?"

ఇద్దరూ లేవబోయారు. నువాన్‌కి తన నోటి మీద తనే ఒకటి వేసుకోవాలనిపించింది. మబ్బు దగ్గర ఆగినా బాగుండేది. అంత పెద్ద మబ్బుని లాగినది ఇద్దరు మనుషుల్ని బల్ల దగ్గర కూర్చోబెట్టలేకపోయింది.

అంతలో పిన్ టీచరమ్మ మోటార్ సైకిలు దిగి లోపలికొచ్చింది. పట్నం పిల్ల. ఊళ్ళో తన దగ్గరికొచ్చే ఆరుగురు తప్ప ఎవరూ తెలీదు.

"ఎంతమందయ్యారు పెద్దమ్మా?"

"చెబుతున్నానమ్మా, కంప్యూటరు గొప్పతనం గురించే చెబుతున్నాను. నేను మొదట ఎందుకొచ్చానో, ఎంత ఆసక్తితో వచ్చానో..."

"అది నేను చెబుతా!" అని టీచరమ్మ కుర్చీ లాక్కుంది. "మీకు తెలీదు కదూ? ఊరి మైకులో చెప్పించాం, పెద్దవాళ్ళకి మావ్ నేర్పుతాం, ఉచితం అని."

మా వైపు మాటలో ఎవరి గురించైనా చెవులు కొరుక్కోవడాన్ని మావ్ అంటారు. కంప్యూటరు పక్కనుండే ఆ సబ్బుబిళ్ళనీ, అదే మౌస్‌నీ, మావ్ అనే అంటారు. చెవికి రెండూ ఒకటే.

"పెద్దమ్మ చాప, తమలపాకుల పెట్టె తెచ్చుకుని మరీ వచ్చారు," అంది టీచరమ్మ. "కంప్యూటరు వంక చూస్తే ఒట్టు. 'నాకు నేర్పడానికి నీ వయసెంతమ్మా, నలభై ఏళ్ళుగా చేస్తున్నాను నేనీ పని' అన్నారు. సరే, అందరూ మావ్ పట్టుకోండి అన్నాను. 'పట్టుకోవడమెందుకు, మొదలెట్టేస్తాను' అని మొదలెట్టేశారు!"

ఇయాద్ మళ్ళీ కూర్చున్నాడు. కో హెంగ్ కాఫీ గిన్నె దించాడు. నువాన్ బల్లకింద టీచరమ్మ కాలు తొక్కబోయి కుర్చీ కాలు తొక్కింది.

"ఎవరో సాయ్‌యుత్ అట," అంది టీచరమ్మ, కళ్ళు మెరుస్తుంటే. "గుడికి తెచ్చే చేపల పులుసు అసలు వండదట! సంతలో కొని, ఇంటి కుండలో పోసి, పైన నిమ్మాకులు నాలుగు తుంచి వేసి, పొగ వాసన రావడానికి కాసేపు పొయ్యి పక్కన నిలబడుతుందట! మొదటిరోజు వచ్చింది ఇద్దరే. మిగతాది రేపు అన్నారు పెద్దమ్మ. తెల్లారేసరికి ఆరుగురయ్యారు!"

నువాన్ కాఫీ గ్లాసు అడుక్కి చూస్తూ కూర్చుంది, అక్కడేదో రాసున్నట్టు.

"ఏ సంతలో కొంటుందిట?" అంది సాయ్‌యుత్, చాలా నెమ్మదిగా.

"హువాయ్ యోత్ సంతలోనట. మీకు తెలుసా ఆవిడ?"

"కొద్దిగా."

ఇయాద్ బల్ల మీద తల పెట్టేసి నవ్వుతున్నాడు, వాడి నుదుటి లైటు టకటకా కొట్టుకుంటోంది. అప్పటికి టీచరమ్మకి అర్థమై మొహం తెల్లబోయింది.

"ఆరుగురు విన్నారు," అంది సాయ్‌యుత్. "నేను లేకుండా. నా పక్క మాట్లాడే దిక్కులేకుండా. ఆ కాగితం ఇటు తే."

పేరు రాసింది. కలం కాగితంలోకి దిగిపోయింది.

"రేపు ఎన్నింటికి?" అని నువాన్ వైపు తిరిగింది. "నా పులుసు గురించి విన్నవాళ్ళందర్నీ రమ్మను. నీ దొడ్లో చెట్టు కూడా లేకుండా నీ ఇంటికి అరటిగెలలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నేను చెబుతాను."

ఇయాద్ నవ్వు ఆగిపోయింది. తల ఎత్తాడు. "అరటిగెలలా? ఎప్పటివి?"

"రేపు చెబుతానన్నానా?"

"నా తోట గట్టు మీదవి ఈ ఏడు మూడు గెలలు పోయాయి."

"రేపే, అక్కడే," అంది సాయ్‌యుత్. ఇయాద్ కాగితం లాక్కుని పేరు రాశాడు.

ఎనిమిది.

టీచరమ్మ పేర్లు లెక్కపెట్టింది, మళ్ళీ లెక్కపెట్టింది. పని మాత్రం మర్చిపోలేదు. "పేరు పక్కన కారణం కూడా రాయాలండీ. కంప్యూటర్ నేర్చుకోవాలని ఎందుకు అనిపించిందో. పైవాళ్ళు అడుగుతారు."

సాయ్‌యుత్ 'పరువు' అని రాసింది. ఇయాద్ కాసేపు ఆలోచించి 'మూడు గెలలు' అని రాశాడు.

"పెద్దమ్మా, మీది ఖాళీగా ఉంది."

నువాన్ కాగితం వంక చూసింది, ఎదురుగా ఉన్న ఇద్దరి వంకా చూసింది. నోట్లో ఒక్క కోత కూడా లేదు.

"రాసుకో తల్లీ," అంది. "నేను రాకపోతే వీళ్ళు నా గురించి మాట్లాడతారు."