పెళ్ళికి మా పొలాన్ని మించింది లేదు

నేనేదో గొప్పలు పోతున్నాననుకోకండి, మొదట జరిగింది చాలా చిన్న విషయం. దారి తప్పిన పెళ్ళికారొకటి మా గేటు ముందు ఆగింది, అంతే.

ఈ మాట ఆదివారం పొద్దున్న నెలిదా కొట్లో కూర్చుని మా మేనకోడలు మైతేకి చెబుతున్నాను. మైతే మా చెల్లెలు ఒర్తెన్సియా కూతురు. పక్కనున్న పొడుగాటి కుర్రాడు ఇగ్నాసియో, తను చేసుకోబోయేవాడు. పల్లెలోనే పెళ్ళి చేసుకోవాలని ఇద్దరికీ పట్టుదల. నెలరోజులుగా మోంతెవిదేయో నుంచి కారేసుకొచ్చి ఈ మీనాస్ కొండలన్నీ తిరుగుతున్నారు, పెళ్ళికో చోటు, ఫొటోలకో నాలుగు చోట్లు వెతుక్కుంటూ. ఇవాళ మా పొలం చూడ్డానికొచ్చారు. నేరుగా అక్కడికే తీసుకుపోవచ్చు. కానీ ముందు చెవులతో చూసిన చోటు తర్వాత కళ్ళకి ఇంకాస్త బాగా కనబడుతుందని నా నమ్మకం. అందుకని దారిలోనే కూర్చోబెట్టాను. మాతే కషాయం పోసిన సొరబుర్ర చేతులు మారుతోంది, నెలిదా వేణ్ణీళ్ళు పోసి పోసి అందిస్తోంది. అవతలి బల్ల దగ్గర మా పక్కపొలం ఓల్మెదో, చూపు అటు, చెవులు ఇటు.

“ఆ కారులోంచి ఫొటోలు తీసేవాడు దిగి, మంచి చోటేదైనా ఉందా పెద్దాయనా అన్నాడు. అదిగో, ఆ రాతిగుట్ట వెనకాల, ఎండ నారింజరంగుకి తిరిగే వేళ నించోబెట్టు, పెళ్ళికూతురి ముసుగు గాలికొదిలెయ్యి అన్నాను. ఆ ఫొటో ఇప్పటికీ మీనాస్‌లో వాడి కొట్టు అద్దంలో ఉంది.”

“ఉంది, నేను చూశాను” అంది నెలిదా. గమనించండి, సాక్ష్యం ఉంది.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? మరుసటి శనివారానికి మా గేటు ముందు పెళ్ళికార్లు బారులు తీరాయి. తెల్లగౌన్లు ఎంత దట్టంగా దిగాయంటే, మా కుక్క వాటిని గొర్రెలనుకుని పెళ్ళికూతుళ్ళందర్నీ దొడ్లోకి తోలి తలుపు దగ్గర కాపలా కూర్చుంది. మళ్ళీ విడదీసి ఎవరి పెళ్ళాన్ని వాళ్ళకి అప్పజెప్పడానికి చర్చి నుంచి ఫాదర్ గారు రావాల్సొచ్చింది.”

“అయినా ఒకామె వేరేవాడి కారెక్కి పోయిందటగా?” అన్నాడు ఓల్మెదో.

“పోయింది. ఆ జంటే అందరికంటే సుఖంగా ఉంది.”

ఇగ్నాసియో మాతే పొలమారేలా నవ్వాడు. మంచి కుర్రాడు.

“అంతమందికి ఒక్క సాయంత్రం ఎలా సరిపోయింది మావయ్యా?” అంది మైతే.

“అక్కడికే వస్తున్నా. మా కొండ మీద సూర్యుడు దిగే చోట రెండు బండల మధ్య సందుంది. బాగా ఇరుకు. లావుగా దిగుతాడా, అందులో ఇరుక్కుపోతాడు. ఇంక కదలడు! కోళ్ళు చూసి చూసి విసుగొచ్చి వెలుతురులోనే పడుకుంటాయి. ఆఖరి జంట ఫొటో అయ్యాక నేనే వెళ్ళి చేత్తో అవతలికి తోసి వస్తాను. ఇదిగో మచ్చ, అప్పుడు కాలిందే.”

“అది నా వంటింట్లో రొట్టెలు వేయించే నూనె చిందిన మచ్చ” అంది నెలిదా.

“ఒకదాని మీద ఒకటి కాలింది. ఇంక డాన్సుకంటావా, ఉన్ని కత్తిరించే షెడ్డు ఉండనే ఉంది. మా నాన్న కాలం నుంచీ ఉన్ని జిడ్డు పట్టి ఆ చెక్కనేల అద్దమైపోయింది. ఓసారి ఓ జంట వాల్ట్జ్ మొదలుపెట్టి, ఆగలేక తలుపులోంచి బయటికి జారి, కొండ దిగి, తిరుగుతూ తిరుగుతూ పోయారు. బ్రెజిల్ సరిహద్దులో పోలీసు గుర్తింపు కార్డు అడిగితే అప్పుడాగారు. పాట మాత్రం అయిపోలేదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ నేల మాత్రం నిజం. ఉన్ని పని ముగిసిన రోజున కూలీల్లో ఒకడు అకార్డియన్ తీసేవాడు, కత్తెరలు పక్కన పెట్టి అందరూ అక్కడే ఆడేవాళ్ళు. గొర్రెల్ని అమ్మేశాక షెడ్డు ఊరికే ఉంది. అప్పుడప్పుడూ నేనొక్కణ్ణే వెళ్ళి తలుపు తీసి నిలబడతాను. మాకు పిల్లల్లేరు. మా ఆవిడ అంపారో పోయేదాకా అంటూనే ఉండేది, ఈ నేల మీద ఒక్క పెళ్ళయినా చూడాలయ్యా, మన మైతేదైనా సరే, అని. ఇదంతా నేను వాళ్ళకి చెప్పలేదు. ఇలాంటివి చెబితే బతిమాలినట్టుంటుంది. పొలాన్ని పొగిడితే పొలాన్ని పొగిడినట్టే ఉంటుంది.

ఇగ్నాసియో మాతే బుర్రని నెలిదాకి తిరిగిచ్చి, “మరి వానొస్తే, మావయ్యగారూ? మా అమ్మకి అదొక్కటే భయం. బల్లలన్నీ పచ్చిక మీద వేశాక వానొస్తే ఏం చేస్తారు అంటోంది” అన్నాడు.

నాకు కావాల్సింది అదే.

“వానా? వానని కొయ్యడం మా అమ్మమ్మ నాకు గుడ్‌ఫ్రైడే నాడు నేర్పింది. మరే రోజు నేర్పినా పనిచెయ్యదు. నేలమీద ఉప్పుతో శిలువ గీసి, మబ్బుకెదురు నిలబడి, మధ్యలో గొడ్డలి దించాలి.”

“అది నిజమే. మా నాన్న కూడా కోసేవాడు” అంది నెలిదా, నవ్వకుండా. ఓల్మెదో కూడా తలూపాడు. ఈ విషయంలో మా వైపు ఎవరూ పరాచికాలాడరు.

“ఓ పెళ్ళినాడు దక్షిణం నుంచి మబ్బు లేచింది. కొండంత అంటే తక్కువ, దేశమంత! ఒక్క వేటు వేశాను. రొట్టె కోసినట్టు చర్రున చీలిపోయింది. లోపల మెరుపులు పేగుల్లా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, కళ్ళారా చూశాను. సగం ఓల్మెదో పొలంలో పడింది, సగం సముద్రంలో. పెళ్ళికూతురి జుట్టు కూడా తడవలేదు. ఆ హడావుడిలో గొడ్డలి పీకడం మర్చిపోయాను. మర్నాడు పీకబోతే రాదే! ఎద్దుల్ని కట్టి లాగినా రాలేదు. ఇంకేముంది, అప్పట్నుంచి మబ్బులు మా కంచె దాకా వచ్చి, టోపీ తీసి దండం పెట్టి చెరోపక్కకీ తప్పుకుంటున్నాయి. మూడు వేసవులు! ఒక్క చుక్క పడితే ఒట్టు! మీ అమ్మగారికి చెప్పు బాబూ, ఈ ఉరుగ్వే మొత్తంలో పెళ్ళికి ఇంత పొడి చోటు దొరకదని!”

బల్ల చరిచాను. మైతే తప్ప అందరూ నవ్వారు.

“మరి వాగు, మావయ్యా?”

“వాగుకేం?”

“మూడేళ్ళు చుక్క పడకపోతే వాగెలా ఉంది? నేను ఫొటో దిగాలనుకున్నది అక్కడే. సెలవులకొస్తే అత్త నన్ను ఆ బల్లపరుపు రాయి మీద కూర్చోబెట్టి తల రుద్దేది. నీళ్ళు చల్లగా ఉన్నాయని నేను ఏడుస్తుంటే తనూ గొంతు చీరుకుపోయేలా అరిచేది, నాతో సమంగా. ఇగ్నాసియోకి నెల్రోజులుగా అదే చెబుతున్నాను.”

వానని అంత గొప్పగా కోసినవాణ్ణి, ఆ వెనకాలే వాగు కూడా పోతుందని ఆలోచించలేదు చూడండి.

“వాగు కాస్త భూమిలోకి దిగి పడుకుంది. పిలిస్తే లేస్తుంది” అన్నాను.

“పోయిన వేసవి నువ్వు పిలవని రోజుందా?” అన్నాడు ఓల్మెదో. “నా బావి నుంచి డబ్బాలతో మోసుకెళ్ళావు. చివరికి గొర్రెల్ని లారీ ఎక్కించిన రోజు నీ పక్కన నేనున్నాను కదయ్యా.”

వెటకారంగా అని ఉంటే ఏదో ఒకటి తిప్పికొట్టేవాణ్ణి. వాడు వెటకారంగా అనలేదు.

“రాళ్ళయినా ఉన్నాయా?” అంది మైతే.

“ఉన్నాయి. రాళ్ళెక్కడికీ పోలేదు.”

మైతే ఇగ్నాసియో వైపు చూసింది. వాడు బల్ల వైపు చూశాడు. తను తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

“మావయ్యా, పెళ్ళిచోటు మేం పోయిన వారమే ఖాయం చేసేశాం. మీనాస్ అవతల. పచ్చిక, పెద్ద గుడారం, కార్లు లోపలిదాకా వెళ్ళే దారి. వీళ్ళ వైపు నడవలేని ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. ఫోన్లో చెబితే నువ్వు మాట మార్చేస్తావని నేనే వచ్చాను. ఫొటోలకి మాత్రం నీ దగ్గరికే వస్తాం. ఆ రాయి దగ్గరికి. నీళ్ళు లేకపోయినా సరే.”

నెలిదా పోస్తున్న వేణ్ణీళ్ళు ఆపేసింది.

“ఫొటోలకి ఎంతమందొస్తారు?” అన్నాను.

“మేమిద్దరం, ఫొటోలు తీసే అమ్మాయి. ఓ గంటసేపు.”

“సరే. ఓల్మెదో, మంచి గొర్రెపిల్లనొకదాన్ని నాకోసం తీసిపెట్టు. పొద్దున్నే నిప్పుల మీద పెట్టేస్తాను.”

“ముగ్గురికి గొర్రెపిల్ల మొత్తమా?” అంది నెలిదా.

“ఆ ఫొటోలమ్మాయి సంగతి మీకు తెలీదు. ఒక్కతే సగం తినేస్తుంది. తిన్నాక పాడుతుంది. అది పాడిందంటే చీకటిపడేదాకా ఎవరూ కుర్చీల్లోంచి లేవలేరు.”

“ఆమెని నువ్వింకా చూడనే లేదు మావయ్యా” అంది మైతే.

“చూస్తాగా” అన్నాను.