నలభై సెకన్ల బేరం

ఫైర్ స్టేషన్ వంటగది, మధ్యాహ్నం. బుట్టెడు కూరగాయలు, పక్కన మెట్ల పరీక్ష టైములు రాసే కాగితం. అటు ఈ వారం లీడరు, ఇటు అతని అక్క మొగుడు.

"నలభై మరీ ఎక్కువనుకుంటే ముప్పై తగ్గించు. రెండు నిమిషాల పది సెకన్లు రాయి. అదైనా మనిషి ఎక్కిన టైంలా కనబడుతుంది."

"బావా, ఇది కూరల కొట్టు కాదు."

"చేతిలో క్యారెట్ పట్టుకుని అంటున్నావు ఆ మాట."

"రెండు నిమిషాలు దాటితే ఫెయిలు. రెండు పది రాసినా ఫెయిలే."

"అయితే నలభైకి నలభై తీసెయ్యి. నువ్వే అడిగావు."

"నేనడగలేదు! నాలుగంతస్తులు, భుజం మీద గొట్టం చుట్ట. నీకు రెండు నిమిషాల నలభై పట్టింది. గడియారం పట్టుకుని నేను కళ్ళారా చూశాను. మూడో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడిపోయావు."

"గోడ పడిపోతుందేమోనని పట్టుకున్నాను."

"నవ్వించకు."

"నవ్వు. లీడరయ్యాక నువ్వు నవ్వడం మానేశావని మీ అక్క బెంగ."

"పోయిన వారం లీడరువి నువ్వే. మెట్లెక్కేవాళ్ళం ఆరుగురం, నువ్వు కాక మిగతా ఐదుగుర్నీ నువ్వే కొలిచావు. ఐదుగురమూ రెండు నిమిషాల లోపే. ఆఫీసరు పై ఆఫీసుకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. ఇక మిగిలింది నువ్వొక్కడివే."

"ఎవడి టైం వాడు రాసుకోకూడదన్నారు. లేకపోతే నీ చేతికి దొరికేవాణ్ణా?"

"నేను ఒకటి యాభై రెండులో ఎక్కాను బావా. ఊరికే వచ్చిందా? మూడు నెలలు నూనె ముట్టలేదు, తీపి ముట్టలేదు. ఆఫీసరు గోడకి అంటించిన తిండి పట్టీలో ఏదుంటే అదే తిన్నాను. నువ్వూ తినుంటే... ఏంటి, అలా చూస్తావు?"

"ఏం లేదు. ముక్కలు సన్నగా తరుగు. అంత లావైతే ఉడకవు."

"మాట మార్చకు. నీ రెండో జత బూట్లో వేయించిన పప్పుల పొట్లం దొరికింది నాకు."

"తేమ పట్టకుండా పెట్టాను."

"బూటుకా, పప్పులకా?"

"రెండిటికీ."

"సిగ్గుండాలి."

"సిగ్గు సంగతి తర్వాత, ఆకలి సంగతి విను. ఇరవై ఆరేళ్ళు ఈ బల్ల మీదే తిన్నాను. కంచం ముందు కూర్చోగానే గంట మోగేది. సరిగ్గా నమిలి మింగిన ముద్దలెన్నో వేళ్ళ మీద చెప్పగలను. తిరిగొచ్చాక మసి చేతులతో ఏది కనబడితే అది. అన్నేళ్ళూ ఏం తిన్నావురా అని అడిగినవాడు లేడు. ఇప్పుడొచ్చి ఉడికించినవి తినండని కాగితం అంటించాడు. ఎవరికెంతో రాశాడా? గొట్టం మోసేవాడికీ, ఫోనెత్తేవాడికీ ఒకే కంచమా?"

"ఆ కాగితం చూసి మెనూ మనమే రాసుకోమన్నాడు కదా. ఆయన మనకి అధికారం ఇచ్చాడు బావా. ముందున్నాయన అన్నిటికీ అరిచేవాడు. ఈయన మెనూ మీరే, డ్యూటీ మీరే, పరీక్ష మీరే అన్నాడు. మీలో ఉన్న నాయకుణ్ణి లేపుతానన్నాడు."

"నాలో లేచింది ఆకలొక్కటే."

"నీకు అన్నీ ఎగతాళే."

"మా నాన్న కొట్లో తూకం వేయడానికి ఒకడుండేవాడు. రాళ్ళు మా నాన్నవి, సరుకు మా నాన్నది. తక్కువొచ్చిందని ఎవరైనా తిరగబడితే మా నాన్న చల్లగా లోపలికెళ్ళిపోయేవాడు. తిట్లన్నీ కాటా పట్టుకున్నవాడికే. మీ ఆఫీసరు మనకిచ్చింది ఆ కాటా. పైగా దానికో బ్యాడ్జీ."

"వారమంతా నువ్వూ పెట్టుకు తిరిగావు ఆ బ్యాడ్జీ."

"తిరిగాను. దాని బరువు తెలిసే చెప్తున్నాను."

"సరే, ఫెయిలైతే ఏం కొంప మునుగుతుంది? ఫోన్ గదిలో వేస్తారు. నీడ పట్టున కుర్చీ. అక్క హాయిగా నిద్రపోతుంది."

"మీ అక్క నిద్రపోతుంది. నేనో? పిల్లలు లోపలున్నారు బాబూ అని ఒకావిడ ఏడుస్తుంటుంది. బండి బయల్దేరిందమ్మా అని చెప్పి ఫోన్ పెట్టెయ్యాలి. తర్వాత బండి వెళ్ళిన చప్పుడు వింటూ కూర్చోవాలి. ఇరవై ఆరేళ్ళు ఆ బండి మీద వెళ్ళినవాణ్ణిరా నేను."

"మరి మెట్ల మధ్యలో నువ్వు కూలబడితే? నిన్ను మొయ్యడానికి ఇద్దరు కావాలి. లోపలున్నవాళ్ళని ఎవరు తెస్తారు?"

"అదీ నిజమే."

"అక్కకి ఏమని చెప్పను?"

"నలభై సెకన్లు మిగిల్చానని చెప్పు."

"బావా!"

"అరవకు. నువ్వు తెలియక మాట్లాడుతున్నావు. నేను దిగిపోతే నష్టం నాకు కాదు, బండికి."

"అందరూ అదే అనుకుంటారు, తాము లేకపోతే బండి కదలదని."

"నేను అలా అనుకుని అనలేదు."

"ఇంకెలా అనుకుని అన్నావు?"

"...వదిలెయ్. ఆఖరి మాట. ఒకటి యాభై తొమ్మిది. నీకంటే ఏడు సెకన్లు వెనకే ఉంటాను, నీ పరువుకేం కాదు."

"రాయను. వేరే ఎవరైనా అయితే ఏమో గానీ, నీకు అసలు రాయను. రేపు నీకేదైనా అయితే ఆ సంతకం చూసుకుంటూ బతకాలి నేను."

"ఆ మాట మాత్రం బాగా చెప్పావు. సరే, రాయి. ఉన్నది ఉన్నట్టు రాసెయ్యి."

"నిజంగానా? కోపమా?"

"కోపమెందుకు? నీ చెయ్యి వణకట్లేదు. నాది వణికింది."

"ఎప్పుడు?"

"ఇంకు ఆరిపోతోంది. సంతకం పెట్టు."

"పెట్టాను. రెండు నిమిషాల నలభై. నన్ను క్షమించు బావా."

"క్షమించడానికేముంది, గడియారం కరెక్టుగానే... గంట! గంట మోగుతోంది, లే!"

"ఫోన్ గదిలోంచి చెప్తున్నారు, ఏడంతస్తుల బిల్డింగట. ఐదో అంతస్తులో మంట. పైన ఒక ముసలాయన, మనవరాలు. లిఫ్టు ఆగిపోయిందట. నువ్వెక్కడికి? ఆగు బావా. సంతకం పడింది. నువ్వు బండెక్కడానికి లేదు."

"ఎక్కను. నువ్వు బండెక్కు గానీ, మెట్లెక్కకు."

"ఏంటీ?"

"కింద పంపు దగ్గర ఉండు. పైకి వెళ్ళకు."

"పైకి నేను కాక ఇంకెవరు వెళ్తారు? టైముల బోర్డు మీద మొదటి పేరు నాది!"

"ఆ బోర్డు రాసింది నేను."

"రాస్తే?"

"నీది ఒకటి యాభై రెండు కాదురా."

"...దారి వదులు బావా. నన్ను ఆపడానికి ఇప్పుడు ఇదొకటా?"

"ఒట్టు. మీ అక్క మీద ఒట్టు. ఆ రోజు పైన కూలబడ్డావు. పెదాలు పాలిపోయాయి. ఎంత బావా, ఎంత బావా అని అడిగావు. మూడు నెలలు కడుపు మాడ్చుకున్న మొహం అది. నాకు నోరు రాలేదు."

"ఎంత?"

"సగం కంచం తిని చిక్కావు గానీ గట్టిపడలేదు. నీ తప్పు కాదు, నీకు చెప్పినవాడు లేడు..."

"ఎంతో చెప్పమంటున్నాను!"

"రెండు నిమిషాల యాభై ఐదు."

"నీకంటే... నీకంటే వెనకా?"

"పదిహేను సెకన్లు."

"మరి ఇందాకటి నుంచీ... నేను అన్నన్ని మాటలంటుంటే... సరే. సరే. టైం లేదు. నేను కిందే ఉంటాను. మిగతా నలుగురున్నారు, వాళ్ళని పంపుతాను. వాళ్ళు ఎక్కేస్తారు. ...బావా? వాళ్ళు ఎక్కగలరు కదా?"

"వాళ్ళని కొలిచినప్పుడూ కాటా నా చేతిలోనే ఉంది. ఆ కాగితం చింపి నా బూట్లు ఇటివ్వు లీడరూ, ఆరుగురిలోనూ నాదే మంచి టైం."