ఒకవైపే మెరిసిన పిన్నులు

భోజనాల బల్ల దగ్గర తమ్ముడు రేడియం టేపు ముక్కలను పిన్నులకు చిన్న జెండాల్లా అంటిస్తున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన అక్క చెప్పులైనా విప్పకుండా అతని ఎదురుగా నిలబడింది.

"మీ బావ కాలు విరిగి అక్కడ మూలుగుతుంటే, నువ్వింకా ఈ పిన్నుల పనిలోనే ఉన్నావా?"

"నిధివేట ఆట కోసం అడవిలో పెట్టె దాచాను, రాత్రిపూట టార్చి వేసుకుని చెట్లకి గుచ్చిన మెరిసే పిన్నుల వెంట వెళ్లి వెతుక్కోమన్నాను. గోతిలో పడమన్నానా?"

"పెట్టె దాకా బాగానే మెరిశాయట. తిరిగొచ్చేటప్పుడు ఒక్కటంటే ఒక్కటీ మెరవలేదు. దారి తప్పి పడ్డాడు."

"టేపు ఒకవైపే అంటించినట్టున్నాను. రెండోవైపు మర్చిపోయానక్కా."

"ఈ నంగనాచి మాటలు నా దగ్గర కాదు. పోయిన వారం నా పిల్లల్ని అదే దారిలో తీసుకెళ్లావు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దీపాల్లా మెరిశాయని ఇల్లంతా ఎగిరారు."

"ఎగిరారు."

"అంటే, బావ వెళ్లే ముందు నువ్వే వెళ్లి రెండోవైపు టేపు పీకేశావు."

తమ్ముడు కత్తెరతో ఇంకో ముక్క కత్తిరించాడు.

"పీకేశాను. నీ పిల్లలు నన్నెప్పుడూ నలుగురి ముందు పనికిమాలినవాడు అనలేదు."