తెల్లగీతను ఒప్పుకోని అన్నపూర్ణేశ్వరి గారు

1975వ సంవత్సరం జూన్ పదహారవ తేదీ, సోమవారం నాడు, గూడూరులో సిరామిక్స్ డిప్లొమా పూర్తిచేసి, కొత్తగా పెళ్లయి ఢిల్లీ చేరిన శ్రీమతి అన్నపూర్ణేశ్వరి గారు గాజియాబాద్‌లోని మన పాత కర్మాగారంలో రంగుల ప్రయోగశాల సహాయకురాలిగా ఉద్యోగంలో చేరారు. ఆ ఉదయం గేటు దగ్గర కాపలాదారు ఆమెను ఆపి, "టైపింగ్ కా ఇంటర్వ్యూ ఉధర్ హై, దీదీ" అంటూ ఆఫీసు వైపు చెయ్యి చూపించాడు. తాను టైపు కొట్టడానికి రాలేదని, రంగులు కలపడానికి వచ్చానని అప్పటికి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో చెప్పేసరికి ఆమెకు చెమటలు పట్టాయి. మన సంస్థలో ఆమె మొదటిసారి విసుక్కున్నది ఆ ఉదయమే. చివరిసారి విసుక్కున్నది మొన్న శుక్రవారం, ఈ వ్యాసం సిద్ధమవుతోందని తెలిసినప్పుడు. ఆ రెంటి నడుమ సాగిన ముప్పై నాలుగు సంవత్సరాల ఐదు మాసాల సేవను, ఈ నవంబరు ముప్పయ్యో తేదీన వారు పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా సహోద్యోగులందరి పక్షాన సగౌరవంగా స్మరించుకుంటున్నాం.

ఆ రోజుల్లో మనం తయారుచేసినవి కేవలం తెల్ల టైళ్లు. తెలుపులో ఏముందిలే అని అందరూ అనుకునే కాలంలో, నిన్నటి తెలుపు, నేటి తెలుపు ఒకటి కావని పదిహేను రోజులు పోరాడి, మట్టిలో ఇనుము పాలు పెరిగిందని నిరూపించి, ఆ మట్టి లారీలను వెనక్కి పంపించిన ఘనత వారిది. 1988లో కర్మాగారం ఉత్తరప్రదేశ్‌లోని సికంద్రాబాద్‌కు తరలినప్పుడు వారికి మరొక కష్టం మొదలైంది. భర్త శ్రీ నాగభూషణం గారు కేంద్ర ప్రభుత్వోద్యోగి కావడం వల్ల కాపురం సరోజినీ నగర్ క్వార్టర్లలోనే ఉండిపోయింది. ఆమె తెల్లవారకముందే సిటీ బస్సులో లక్ష్మీ నగర్ చేరి, అక్కడ మన కంపెనీ బస్సు ఎక్కి, రెండు గంటలు ప్రయాణించి పనికి వచ్చేవారు. ఊళ్లోని బంధువులు మాత్రం, "హైదరాబాదు పక్కకే వచ్చేసినావంట గదా, ఒక్కసారన్నా రావేంది?" అని నిష్ఠూరాలాడుతూ ఉత్తరాలు రాసేవారు. ఇది ఆ సికింద్రాబాదు కాదని ఇరవయ్యేళ్లుగా వివరిస్తూనే ఉన్నారు. ఎవరూ నమ్మినట్లు లేదు.

తొంభయ్యవ దశకంలో టైళ్ల మీద రంగుల బొమ్మలు అచ్చు వేసే స్క్రీన్ ప్రింటింగ్, ఆ తరువాత రోలర్లు వచ్చినప్పుడు అలంకరణ విభాగం మొత్తం వారి చేతికి వచ్చింది. టైలు కిల్న్ బట్టీలో కాలి బయటికి వచ్చే వరకు దాని మీద ఎవరు ఏ అభిప్రాయం చెప్పినా వినడం వారికి అలవాటు లేదు. పచ్చి టైలు చూసి ఆహా అన్నవారినీ, అయ్యో అన్నవారినీ సమానంగా కసిరేవారు. "కాలనీయండి సామీ, కాలినాక మాట్లాడదాం" అన్న ఆ ఒక్క మాట మన వర్క్‌షాపులో బీహారీ కార్మికులకు కూడా తెలుగులోనే కంఠస్థమైంది. ఆమె విసుగుకు జడిసిన వారెందరో ఉన్నారు కానీ, ఆ విసుగు వల్ల పని పాడైందని చెప్పగలిగిన వారు లేరు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి జరిగినదేమిటో చెప్పమని, చెప్పకపోతే సన్మానానికే రానని వారే షరతు పెట్టారు గనుక, ఇక్కడ దాచకుండా రాస్తున్నాం.

ఈ సంవత్సరం ఫిబ్రవరిలో స్పెయిన్ నుంచి మనకు డిజిటల్ ఇంక్‌జెట్ యంత్రం వచ్చింది. అంతకుముందు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రోలర్ టైలును తాకి అచ్చు వేసేది. ఈ యంత్రం టైలును తాకదు. కంప్యూటర్లో ఉన్న చిత్రాన్ని చూసుకుని, వెంట్రుక కన్నా సన్నని వేలాది రంధ్రాల గుండా నీలం, గోధుమ, పసుపు, నలుపు రంగులను చుక్కలు చుక్కలుగా కురిపిస్తుంది. విరమణకు తొమ్మిది నెలలే మిగిలి ఉన్నా, అన్నపూర్ణేశ్వరి గారు కుర్రవాళ్ల పక్కన కూర్చుని విదేశీ ఇంజనీర్ల శిక్షణను నోటుపుస్తకంలో రాసుకుని నేర్చుకున్నారు. దుమ్మూ వేడీ తగలకుండా యంత్రం చుట్టూ గాజు గది కట్టి, ఏసీ పెట్టి, ఉష్ణోగ్రత ఇరవైనాలుగు వద్ద ఉంచాలని నిర్ణయించారు. యంత్రం నడపడానికి ఆమె ఎంపిక చేసిన వ్యక్తి శ్రీ చిట్టిబాబు. సూళ్లూరుపేట వాస్తవ్యుడు, పదిహేనేళ్లుగా ఆమె కిందే స్క్రీన్లూ రోలర్లూ నడిపిన అనుభవజ్ఞుడు.

మే నెల వచ్చింది. బయట నలభై నాలుగు డిగ్రీలు. కర్మాగారం మొత్తంలో చల్లగా ఉన్న చోటు ఆ గాజు గది ఒక్కటే. ఇంకేముంది, అందరికీ అక్కడే పని పడింది. మజ్జిగ సీసాలు, టిఫిన్ డబ్బాలు యంత్రం వెనక చేరాయి. ఒకరోజు సెక్యూరిటీ వాళ్ల పుచ్చకాయ కూడా అక్కడే దొరికింది. "ఇది ఫ్రిజ్ కాదు భయ్యా, మషీన్ హై, మషీన్!" అని ఆమె అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నారు.

ఆ అరుపుల మధ్యనే తెల్లగీత మొదలైంది. కిల్న్ నుంచి వచ్చే మార్బుల్ డిజైను టైళ్ల మీద, ఈ అంచు నుంచి ఆ అంచు వరకు, దారమంత సన్నని గీత. అన్నింటి మీదా ఒకే చోట. ఒకరోజు వచ్చేది, మరుసటి రోజు ఉండేది కాదు. వచ్చిన రోజు సరుకంతా రెండవ రకంలోకి పోయేది. నెహ్రూ ప్లేస్ హెడ్డాఫీసు నుంచి సేల్స్ జనరల్ మేనేజర్ శ్రీ లక్ష్మీపతి గారు ఫోన్ చేశారు.

"మేడం, మార్బుల్ అంటేనే గీతలు కదా. ఇంకో గీత ఉంటే కస్టమర్‌కి ఏం తెలుస్తుంది?"

"మార్బుల్ గీత వంకరగా పోతుందండీ. ఇది స్కేలు పెట్టి కొట్టినట్టు పోతా ఉంది. నేనైతే మా ఇంట్లో ఏయించుకోను. మీరు ఏయించుకుంటారా?"

అవతల ఫోన్ పెట్టేశారు.

రంధ్రం మూసుకుపోతేనే గీత వస్తుంది. ప్రతి రెండు గంటలకూ ఆ రంధ్రాలుండే ప్రింట్ హెడ్లను తుడిచి రిజిస్టరులో సంతకం పెట్టవలసిన బాధ్యత చిట్టిబాబుది. ఒకనాడు అతడు రెండు గడుల్లో ఒకేసారి సంతకం పెడుతుండగా ఆమె చూశారు.

"తుడవకుండా సంతకాలు పెడతా ఉండావా?"

"తుడిచినాను మేడం. చెయ్యి ఖాళీ లేక అప్పుడు రాయలేదు. తుడిచినా గీత వస్తా ఉంది."

"తుడిస్తే రాదు. నాకు చెప్పొద్దు."

నెల రోజుల ఎండ, బస్సు, ఫోన్లు, పుచ్చకాయలు, అన్నీ కలిసి ఆ క్షణాన అతడి మీద పడ్డాయి. ఆ సాయంత్రమే ఆమె మెమో మీద సంతకం చేశారు. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, తప్పుడు నమోదు, పది రోజుల సస్పెన్షన్. సిబ్బంది విభాగం దానిని నోటీసు బోర్డుకు అంటించింది. చిట్టిబాబు తన టిఫిన్ డబ్బా తీసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.

మూడవ రోజు గీత మళ్లీ వచ్చింది. ఆనాడు హెడ్లను తుడిచింది స్వయంగా అన్నపూర్ణేశ్వరి గారే. ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, ఎవరినీ దగ్గరికి రానీయకుండా తుడిచి, మళ్లీ ప్రయోగశాలకు వెళ్లారు. ఒంటిగంటకు కిల్న్ నుంచి వచ్చిన టైలును చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టి చూశారు. గీత తిన్నగా అక్కడ ఉంది. పొరపాటు చిట్టిబాబుది కాదని వారికి ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. మరి ఎవరిది?

మరునాటి నుంచి ప్రయోగశాల వదిలిపెట్టి, ఆ గాజు గదిలోనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. రెండవ రోజు పదకొండు గంటలకు లక్ష్మీపతి గారు ఎనిమిది మంది డీలర్లను వెంటబెట్టుకుని వచ్చారు. కొత్త యంత్రాన్ని చూపించడం అమ్మకాలకు మంచిదని ఆయన నమ్మకం. వచ్చినవారు చెమటలు తుడుచుకుంటుంటే, ఆయన రిమోట్ తీసుకుని, "భయ్యా, ఏసీ థోడా తేజ్ కర్‌తే హై" అంటూ పదహారుకు తగ్గించారు. అరగంట గడిచాక అందరూ వెళ్లిపోయారు. ఆమె లేచి, యంత్రం ఆపించి, ప్రింట్ హెడ్ల అడుగు భాగాన్ని తెల్లటి గుడ్డతో తుడిచి చూశారు. గుడ్డకు అంటింది రంగు కాదు. నీళ్లు.

వేడిగా, తడి పూతతో కింద నడిచే టైళ్ల నుంచి ఆవిరి లేస్తుంది. పైన ప్రింట్ హెడ్ల ఇనుము మరీ చల్లబడితే, ఉడుకుతున్న అన్నం మీద చల్లటి మూత పెట్టినట్టే, ఆ ఆవిరి చెమ్మగా పేరుకుని రంధ్రాలను మూసేస్తుంది. టైలు కాలి, గీత కంటపడేసరికి గంట దాటుతుంది. అప్పటికి ఏసీ మళ్లీ ఇరవైనాలుగులోనే ఉంటుంది. ఆమె గేటు దగ్గరి సందర్శకుల రిజిస్టరును, రెండవ రకం సరుకు జాబితాను పక్కపక్కన పెట్టుకుని చూశారు. మే నెలలో అతిథులు వచ్చినవి పదకొండు రోజులు. గీత వచ్చినవి ఆ పదకొండు రోజులే.

వెంటనే సిబ్బంది విభాగానికి వెళ్లి మెమో వెనక్కి తీసుకుంటానన్నారు. అక్కడి అధికారి కంగారుపడ్డారు. "ఇష్యూ అయిన మెమో వాపస్ తీసుకునే ప్రొసీజర్ లేదు మేడం. ఇంకో అయిదు రోజులే కదా, అవనివ్వండి. తర్వాత వార్నింగ్ కింద మార్చేద్దాం."

"ఏ తప్పుకి వార్నింగు? తప్పు చేసింది నేను. ప్రొసీజర్ లేకపోతే రాయండి, కాగితం ఇట్టా ఇవ్వండి" అని, ఆ ఫైలు మీదనే స్వహస్తాలతో రాశారు: ఈ మెమో విచారణ లేకుండా ఇచ్చినది, ఇచ్చినది నేను, ఆరోపణ అబద్ధం. దాని నకలు తీసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో రిక్షా ఎక్కి, పాత బజారులో చిట్టిబాబు ఉంటున్న ఇంటికి వెళ్లారు.

తలుపు తీసింది అతడి భార్య రేవతి. మంచినీళ్లయితే ఇచ్చింది గానీ, కూర్చోమని అనలేదు. అన్నపూర్ణేశ్వరి గారు నిలబడే సంగతంతా చెప్పారు. చిట్టిబాబు నేల చూస్తూ విన్నాడు.

"గెస్టులొచ్చినప్పుడు ఏసీ తగ్గించేది నాకు తెలుసు మేడం. వాళ్లు పోయినాక మళ్లా ఇరవైనాలుగు పెట్టేది నేనే. గీత దానివల్లని నాకు తెలవదు. మీరు ఒక్క మాట అడిగుంటే చెప్పుండేవాణ్ణి."

"అడగలేదు నాయనా."

"పదిహేనేళ్లు మీ దగ్గర చేసినా. పిల్లలు స్కూలుకి పోయి ఏం చెప్పుకోవాల మేడం? మా కాలనీలో ఉండే ఫ్యాక్టరీ వాళ్లంతా బోర్డు చూసినారు."

"తప్పు నాది. ఇదిగో, రాసి తెచ్చినా."

అతడు కాగితం చదివి, మడిచి భార్య చేతికిచ్చాడు. "ఇది ఇంట్లో ఉంటే ఏం లాభం మేడం? అది యాడ అంటించినారో ఇది కూడా ఆడ్నే అంటించండి. అప్పుడొస్తా."

మరునాడు ఉదయం షిఫ్టు మారే వేళ, అందరూ చూస్తుండగా, ఆమె పాత నోటీసును గోటితో గీకి తీసి, అదే చోట తన కాగితాన్ని అంటించారు. హిందీ మాత్రమే వచ్చినవారి కోసం హిందీలో పైకి చదివి వినిపించారు కూడా. తొమ్మిదింటికి చిట్టిబాబు పనిలోకి వచ్చాడు.

ఆ వారమే లక్ష్మీపతి గారు లూధియానా డీలర్లతో వచ్చినప్పుడు గది తలుపుకు అడ్డంగా నిలబడింది అన్నపూర్ణేశ్వరి గారే. గాజులోంచి చూడవచ్చునని, లోపలికి వీలుకాదని చెప్పారు.

"మేడం, నేను జీఎంని. గెస్టుల ముందు ఇలాగా?"

"మీరు జీఎం అని నాకు తెలుసు సార్. ఆవిరికి తెలవదు."

ఆయన ముఖం ఎర్రబడింది. తిరిగి వెళ్లిపోయారు. కానీ రెండు వారాల పాటు గీత లేని సరుకు చూసిన తరువాత, ఆవిరిని బయటికి లాగే గొట్టం కోసం యాజమాన్యాన్ని ఒప్పించినది కూడా ఆయనే. ఈ సంగతి తన పేరుతోనే అచ్చు వేయవచ్చునని అనుమతించిన ఆయన సహృదయతకు కృతజ్ఞతలు. జూన్ తరువాత ఆ గీత మళ్లీ కనబడలేదు. వచ్చే నెల నుంచి డిజిటల్ విభాగపు బాధ్యతలు శ్రీ చిట్టిబాబు స్వీకరిస్తున్నారు. ఆ సిఫారసు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

గతవారం సిబ్బంది విభాగం వారు విరమణ కాగితాలు సిద్ధం చేస్తూ, గౌరవసూచకంగా ఆ మెమో వ్యవహారాన్ని ఇద్దరి సర్వీసు ఫైళ్ల నుంచీ తొలగిస్తామని ప్రతిపాదించారు. "అతని ఫైల్లోంచి తీసెయ్యండి, మచ్చ లేకుండా" అన్నారు అన్నపూర్ణేశ్వరి గారు. "నా దాంట్లో ఉండనీయండి. నేను చేసిన పని అది. నా తర్వాత ఈ సీట్లో కూర్చునేవాళ్లు మెమో రాసే ముందు ఒకసారి చదువుకుంటారు." ఆ ఫైలు అలాగే మూసివేయబడింది.

తమ కోపాన్ని కూడా సహోద్యోగులు గౌరవించేలా బ్రతికిన విదుషీమణి శ్రీమతి అన్నపూర్ణేశ్వరి గారు, జనక్‌పురిలోని తమ స్వగృహంలో శ్రీ నాగభూషణం గారితోనూ, కుమార్తె క్రాంతితోనూ కలిసి, తొందరలేని ఉదయాలను, కడుపునిండా భోజనాన్ని, కంటినిండా నిద్రను అనుభవిస్తూ, సంపూర్ణ ఆరోగ్యంతో శతవసంతాలు చూడాలని మనసారా కోరుకుంటున్నాం. మోకాళ్ల నొప్పికి డాక్టరు చెప్పిన మందులు మాత్రం వారు తప్పకుండా వేసుకోవాలని, ఈ ఒక్క విషయంలో తమ మీద తామే విసుక్కోవాలని చేతులు జోడించి ప్రార్థిస్తున్నాం.