అలుగు దగ్గర గేట్ల బాబాయ్ ప్రతాపం

డ్యామ్ కింద వీధిని ఖాళీ చేయించడం లేదని కబురొచ్చిన పొద్దున, అలుగు పక్కనున్న టీ కొట్టు దగ్గర అందరి మొహాలూ తేటపడ్డాయి. అందరికంటే ఎక్కువ టీ కొట్టు అక్క మొహం. ఆ వీధిలో మొదటి ఇల్లు, దాన్నానుకున్న ఈ కొట్టు, రెండూ ఆవిడవే. డ్యామ్ గేట్లు ఎత్తి దించే పనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన గేట్ల బాబాయ్ బెంచీ మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నా గొప్ప నేను చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, డ్యామ్ ఇంజనీర్లు పెట్టిన ఆ మీటింగులో నేనొక్క ముక్క అన్నాను, అంతే. ఇంజనీర్లు మూడు దారులు చెప్పారు. కట్ట ఎత్తు పెంచడం ఒకటి. ఎత్తు పెంచితే అడుగు వెడల్పవుతుంది, మన వీధి దాని కిందికి పోతుంది. రెండోది, వానాకాలమంతా రిజర్వాయరు సగమే నింపడం. అప్పుడు రెండో పంటకి నీళ్లుండవు. మూడోది, ఎక్కువైన నీళ్లు పక్కకి పోయే ఈ అలుగు ఉంది చూశారూ, దీన్ని వెడల్పు చెయ్యడం. వాళ్లు తేల్చుకోలేక తలలు పట్టుకున్నారు. నేను లేచి 'అలుగు' అన్నాను."

"అంతేనా?" అన్నాడు టైలరు.

"అంతేనా అంటే... పెద్ద ఇంజనీరు లేచి తన కుర్చీ నాకిచ్చాడు. వద్దంటే వినడే! 'మీరు చెప్పండి సార్, మేం రాసుకుంటాం' అని పెన్ను తీశాడు. మూడు దారులూ నేనెప్పుడో పరీక్ష చేసి చూశానయ్యా అన్నా. పెద్ద వరదొచ్చిన ఏడు గుర్తుందా? అందరూ పారిపోయారు, నేనొక్కణ్ణే కట్ట మీద. గేటు ఇరుక్కుపోయింది. హ్యాండిల్ తిప్పితే ఊడి చేతికొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గేటునే రెండు చేతుల్తో పట్టుకుని ఎత్తేశా. ఇరవై టన్నులు! ఒంటిచేత్తో!"

"ఇప్పుడేగా రెండు చేతులన్నారు," అన్నాడు పోస్ట్‌మాన్.

"మొదట రెండు. మధ్యలో ముక్కు దురద పెట్టింది, ఒకటి వదిలేశా. నువ్వు అడ్డం రాకు. అయినా నీళ్లు తగ్గవే! కట్ట మీంచి పొర్లబోతున్నాయి. దాని మీద అడ్డంగా పడుకున్నా. కట్ట ఎత్తు పెంచడమన్నమాట. భుజం దాకా వచ్చేశాయి. ఇలా కాదని రెండో దారి పట్టా. రిజర్వాయరు సగం ఖాళీ చెయ్యాలిగా? తాగడం మొదలెట్టా."

"సగమేనా?"

"పొద్దున టిఫిన్ కాస్త ఎక్కువైంది, లేకపోతేనా! ఇక మిగిలింది అలుగు. రెండు గోడల మధ్యా నిలబడి, చేతులు చాచి, అటు మూరెడు ఇటు మూరెడు నెట్టా. వరద వచ్చి నా ముందు ఆగింది. ఆగి, 'బాబాయ్, ఎటు పొమ్మంటావ్?' అంది. మన టీ కొట్టుకి తగలకుండా పక్కనుంచి పొమ్మన్నా. తలొంచుకుని పోయింది. ఈ గోడకి ఒక్క చుక్క తగిలితే ఒట్టు!"

టీ కొట్టు అక్క గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "బాబాయ్, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి."

వెనక గోడ మీద ఛాతీ ఎత్తున బొగ్గు గీత ఉంది. దాని పైన మూడు నల్లటి మరకలు.

"నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. మీరేమో మా అటకెక్కి, పంచదార డబ్బా కావలించుకుని కూర్చున్నారు. నీటిమట్టం రాయాల్సిన మీ రిజిస్టర్లో ఆ రోజు పేజీ ఖాళీ. ఇంజనీర్లు ఎక్కడ వెతికినా ఆ లెక్క దొరక్క, చివరికి ఈ గీతకి టేపు పెట్టి కొలుచుకున్నారు. అలుగు ఎంత ఇరుకో, ఎంత వెడల్పు చేస్తే కట్ట జోలికి పోనక్కర్లేదో దీన్నిబట్టే తేలింది."

బెంచీ అంతా గొల్లున నవ్వింది. బాబాయ్ చల్లారిన టీని కూడా ఊదుకుంటూ కూర్చున్నాడు.

"మరి నీకు బొగ్గు అందించిందెవరు?" అన్నాడు చివరికి, మెల్లగా.

"మీరే. కాదన్నానా? నీళ్లు దిగకముందే గుర్తు పెట్టమ్మాయ్ అని అరిచిందీ మీరే. నేను నిచ్చెన దిగి గీస్తుంటే, అటక మీంచి బొగ్గు అందిస్తూ చెయ్యి వణికి మూడుసార్లు గోడకి కొట్టారు." అక్క కొంగుతో కళ్లొత్తుకుని నవ్వింది. "హమ్మయ్య, నా ఇల్లు నాకు దక్కింది బాబాయ్. పైనున్న ఈ మరకలేమిటని ఇంజనీరు అడిగాడు. మా గేట్ల బాబాయ్ సంతకం అని చెప్పాను."