తక్కిన సగం

అమెరికాలోని డులూత్‌లో మంచు కురుస్తున్న మధ్యాహ్నం, తిండి మానేసే జబ్బు పడ్డ కూతురు మారెన్‌ను భర్తకు అప్పగించి ఆ తల్లి గరాజ్‌లో కారెక్కి కూర్చుంది. అదే జబ్బు నుంచి తన బిడ్డను దక్కించుకున్న ఒక పెద్దావిడకు ఫోన్ చేసింది.

"మారెన్ తిన్నదా అమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

"సగం శాండ్‌విచ్ తిన్నదండీ. తక్కిన సగం నేనే తినేశాను."

"నువ్వెందుకు తిన్నావు?"

"ప్లేటు ఖాళీ అయితే ఏడుపు ఆపుతుందని. 'నువ్వు నా అమ్మవే కాదు' అనేసింది."

"ఆ మాట జబ్బుది, పిల్లది కాదు. ఆ సగం మాత్రం పిల్లదే. మళ్లీ చేసి పెట్టు."

"మీ అమ్మాయీ ఇలాగే అనేదా?"

"అనడమొక్కటేనా! పాలగ్లాసు నా ఒళ్లో గుమ్మరించింది. చాన్నాళ్లకు ఒకరోజు ఫ్రిజ్ తెరిచి, 'నా కేకు ఎవరు తిన్నారు?' అని ఇల్లు పీకి పందిరేసింది. సంతోషంతో నాకు ఏడుపాగలేదు."

"మా ఫ్రిజ్‌లో దాని పుట్టినరోజు కేకు అలాగే ఉందండీ. అడిగేవాళ్లే లేరు."

"అడుగుతుంది. ముందు లోపలికి వెళ్లు."

ఆమె వెళ్లి, బ్రెడ్డుకు వెన్న దట్టంగా రాసి, సగం శాండ్‌విచ్ కూతురి ముందు పెట్టింది.

"ఇందాక నీ సగం నేను తినేశాను, మారెన్. ఇదిగో."

ఎందుకు తిన్నావని దెబ్బలాడుతుందేమోనని ఆశగా చూస్తూ ఎదురుగా కూర్చుంది.