వేలు ఆనిన చోటు

వ్యోమింగ్‌లో మా చెల్లెలిది తుపాకులు బాగుచేసే కొట్టు. నేనక్కడ కాఫీ తాగుతుంటే, పోయిన నెల తుపాకీ కాల్చే పోటీలో ఓడిపోయిన ఆయన టోపీ చేత్తో పట్టుకుని వచ్చి మా చెల్లెలితో అన్నాడు.

"అక్కా, నువ్వు వేసిన తిన్నని ట్రిగ్గరుతో ఇరవై గుండ్లూ ఒక్కచోటే పడ్డాయి."

"మరి ఆ ముఖమేంటి తమ్ముడూ, పెళ్లాం ఇంట్లోంచి గెంటేసినట్టు?"

"పాతదానితో ఎందుకలా చెల్లాచెదురయ్యాయి?"

"ఆ పాత ట్రిగ్గరు వంపులో నీ లావుపాటి వేలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి జారేది. నొక్కినప్పుడల్లా తుపాకీ కదిలేది. ఇది తిన్నగా ఉంది కాబట్టి వేలు ఎక్కడ ఆనిందో నీకే తెలుస్తుంది. ప్రతిసారీ ఒకేలా వెనక్కి నొక్కుతావు."

"అంటే తుపాకీ మీది దుర్భిణి తప్పు కాదు."

"నీ కూతురు దాన్ని చక్కగా బిగించిందని అప్పుడే చెప్పానుగా."

"పోటీలో అందరి ముందూ నా కూతుర్ని చేతకానిదన్నాను. అప్పట్నుంచి అది తుపాకీ ముట్టుకోవట్లేదు, నాతో మాట్లాడట్లేదు. అక్కా, తప్పంతా ట్రిగ్గరుదని దానికి నువ్వు చెప్పవా?"

"ట్రిగ్గరు ఆ పిల్లని ఒక్క మాట అనలేదే!"

ఆయన టోపీ తలకి పెట్టుకున్నాడు.

"రేపు పోటీలో మైకు అడిగి తప్పు నాదేనని నేనే చెబుతాను."

"అది రాదుగా వినడానికి."

"దానికి ఇంటి దగ్గర చెబుతాను. ఆ రోజు నా మాట విని నవ్వినవాళ్లంతా పోటీ దగ్గరే ఉంటారు."